చలి సోకిందట

గుండెలోకి సన్నటి గొట్టం పోనిచ్చి, దాని కొసన చిన్న బుడగ ఊది, ఆ బుడగను మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లబరిచి, గుండెను తప్పుదారి పట్టిస్తున్న చోటును గడ్డకట్టించేస్తాం. మా విభాగంలో రోజూ జరిగే పని ఇదే. గుండె పై గదులు లయ తప్పి, కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉండే జబ్బుకు ఇంత శుభ్రమైన వైద్యం ఇంకొకటి నేను చూడలేదు. ఛాతీ కోయక్కర్లేదు, తొడ మొదట్లో ఒక సూది గాటు చాలు. వైద్యం శుభ్రమే. దాని చుట్టూ చేరే మనుషులున్నారే, వాళ్ళ సంగతే నేను చెప్పబోయేది.

నా పేరు కుల్యాష్. అల్మాతీ నగరంలో మత్తు డాక్టరుగా పనిచేస్తూనే జుట్టు నెరిసింది. రక్తం, చీము, వాంతి అన్నీ నా చేతుల మీదుగా పోయాయి, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ శరత్కాలంలో మాత్రం నాకు తిండి సయించలేదు.

మా విభాగానికి పెద్ద, ప్రొఫెసర్ సెయిత్‌కలి. చేతిలో పనితనం లేదనను, ఉంది. కానీ విభాగాన్ని తన ఇంటి వసారా చేసేసుకున్నాడు. కొడుకు ఆయన కింద ఉపాధ్యక్షుడు, వియ్యంకుడు సామాన్లు కొనిపెట్టే మనిషి, కోడలు పెరిజాత్ ఆయన పక్కన నిలబడే రెండో డాక్టరు. వీళ్ళందరిలో నిజంగా చదువు వంటబట్టింది ఆ పిల్లకే. అయితే ఏం లాభం? పొద్దున్నే ఆస్పత్రి వరండాలో కూడా ఇంట్లోలాగే మామగారికి వంగి దణ్ణం పెట్టేది. టీ వేళకు తెల్లకోటుతోనే కూర్చుని, మర్యాదకు గిన్నెలో సగానికి మించకుండా టీ పోసి, ఆయన చేతికి రెండు చేతులతో అందించేది. ఆయన పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. ఆయన మాట మధ్యలో ఆమె గొంతు వినడం అసలే జరగలేదు. మా పెళ్ళిళ్ళలో ఇలాంటి కోడల్ని చూసి ముసలమ్మలు మురిసిపోతారు. నాకు ఒళ్ళు మండేది.

అప్పుడొచ్చాడు తెమిర్‌గలి. దగ్గర్లోని తల్గార్ ఊళ్ళో ఉంటాడు, అసబా. అంటే పెళ్ళి విందుల్లో మైకు పట్టుకుని సాయంత్రం నుంచి చివరి అతిథి లేచేదాకా పాడుతూ, నవ్విస్తూ, బంధువుల్ని ఒక్కొక్కరినీ పిలిచి దీవెనలు చెప్పిస్తూ విందును నడిపే మనిషి. పెద్ద పొట్ట, పెద్ద గొంతు. రెండేళ్ళుగా గుండె దడదడలాడి, విందు మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయని మా దగ్గరికి పంపారు. బల్ల మీద పడుకున్నాక కూడా నోరు ఊరుకోలేదు.

"డాక్టరమ్మా, నన్ను నిద్రపుచ్చేది మీరేనా? మా ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ నా నోరు మూయించాలని చూస్తోంది, ఆవిడవల్ల కాలేదు."

"నావల్ల అవుతుంది, చూస్తూ ఉండు."

"గుండెని మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి. ఊపిరి జోలికి మాత్రం రాకండమ్మా. గుండె నా ఒక్కడిదీ. ఊపిరి మా ఇంటిల్లిపాదిదీ."

నవ్వాను. నవ్వుతూనే మత్తు ఎక్కించాను.

ఊపిరి జోలికి పోయే ప్రమాదం ఈ వైద్యంలో ఒకటుంది. గుండె కుడిపక్క గడ్డకట్టించేటప్పుడు, బుడగకు వేలెడు దూరంలోనే ఊపిరి నరం పోతూ ఉంటుంది. ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండరపు పొర ఆ నరం చెబితేనే కదులుతుంది, అది కదిలితేనే నిండా గాలి పీల్చగలం. నరానికి చల్లదనం తగిలితే ఆ పక్క పొర చచ్చుబడుతుంది. అందుకని గడ్డకట్టిస్తున్నంతసేపూ ఆ నరాన్ని కొద్దిపాటి కరెంటుతో మీటుతూ ఉంటాం. మీటినప్పుడల్లా మత్తులో ఉన్న మనిషి పొట్ట వెక్కిలి వచ్చినట్టు ఎగురుతుంది. ఒక డాక్టరు కుడి డొక్క కింద అరచెయ్యి ఆనించి ఉంచాలి. పొట్ట గట్టిగా ఎగురుతుంటే నరం క్షేమం. ఎగురు తగ్గిందా, ఆ చేతి మనిషి "ఆపు" అని కేక పెట్టాలి, బుడగ దగ్గరున్నవాడు ఆ క్షణమే ఆపాలి. మర్యాదగా విన్నవించుకోవడం కాదు, కేక. యంత్రాలెన్ని ఉన్నా ఈ పనికి చెయ్యిని మించింది లేదు.

మామూలు రోజుల్లో ఆ చెయ్యి ఇంకో డాక్టరుది. గట్టిగా అరిచే మొరటు మనిషి, బంగారం. ఆ రోజు రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు, కెమెరాలు వస్తున్నాయి, ప్రొఫెసర్ తన పనితనం చూపించబోతున్నాడు. అందుకని మొరటు మనిషిని పక్కకు తప్పించి కోడలి చెయ్యి పెట్టించాడు. కుటుంబం మొత్తం బొమ్మలో పడాలి కదా!

అతిథులు ఎక్స్‌రేలు తగలకుండా సీసపు కోట్లు తొడుక్కుని, చూసే గది అద్దం దాటి మా దగ్గరికే వచ్చేశారు. అత్తరు వాసన మందుల వాసనను మింగేసింది. ఒకాయన ఫోను ఎత్తి తన మొహమూ వెనకాల రోగి కాళ్ళూ వచ్చేలా ఫొటో తీసుకున్నాడు. నేను రోగి తల దగ్గర కూర్చుని పళ్ళు నూరుకున్నాను. ఎడమపక్క సవ్యంగా అయిపోయింది. కుడిపక్కకు వచ్చారు. బుడగ చల్లబడటం మొదలైంది. సెయిత్‌కలి కెమెరా వైపు తిరిగి ఉపన్యాసం అందుకున్నాడు. మన దేశం, మన తరం, మన చేతుల నైపుణ్యం అంటూ ఎక్కడికో వెళ్ళిపోయాడు.

"మామయ్యగారూ," అని ఎవరో గొణిగారు.

ఆయన వేలు పైకెత్తాడు. ఆగమని. మాలో పెద్దవాడు మాట్లాడుతుంటే మాట తెంపకూడదు, చిన్నప్పుడు పాలతోపాటు పోసే నీతి ఇది.

"మామయ్యగారూ…"

నేను తలెత్తి పెరిజాత్ వైపు చూశాను. మాస్కు పైన కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి.

"ఎగురు తగ్గిందా?" అన్నాను.

"తగ్గింది… లేదక్కా, ఆగిపోయింది."

"ఆపు! ఆపు, ముసలాడా!" అని గది అదిరేలా అరిచాను. ఆయన ఆపాడు. ఆలస్యంగా ఆపాడు. ఆ తర్వాత ఎంత మీటినా తెమిర్‌గలి పొట్ట కుడిపక్క కదల్లేదు.

సెయిత్‌కలి మొహం కందగడ్డలా ఎర్రబడింది. నరం పోయినందుకు కాదు, రాజధాని వాళ్ళ ముందు ఆడది తనను ముసలాడా అన్నందుకు. "మా మత్తు డాక్టరుగారికి కాస్త ఆవేశం ఎక్కువ," అని అతిథులతో నవ్వేశాడు. తర్వాత పక్కగదిలో కేకు కోశారు. గుండె ఆకారం కేకు, పైన నీలం రంగు క్రీము, అది మంచు అనుకోవాలట. రోగి ఇంకా స్పృహలోకి రాకముందే వీళ్ళు గుండెను ముక్కలు చేసుకుని మూతులకు నీలం అంటించుకుని తిన్నారు. నాకూ ఒక ముక్క పంపారు. చెత్తబుట్టలో పడేశాను.

తెమిర్‌గలి లేచాడు. గుండె చక్కగా, గడియారంలా కొట్టుకుంటోంది. మనిషి మాత్రం వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు. "గాలి… సగమే… వస్తోందమ్మా," అన్నాడు. ఎక్స్‌రే తీస్తే కుడిపక్క పొర పైకి ఎగదన్ని కూర్చుంది. చిన్న డాక్టరుకి కూడా అర్థమయ్యే బొమ్మ అది. సెయిత్‌కలి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూసి, తెమిర్‌గలి భార్య జనిల్‌తో తాపీగా చెప్పాడు.

"ఏం లేదమ్మా, ఊపిరితిత్తికి చలి సోకింది. గుండెని గడ్డకట్టించాం కదా. పైగా మా కుల్యాష్ గొట్టంలోంచి చల్లగాలి కాస్త ఎక్కువ వదిలింది. వెచ్చగా ఉంచు, అదే పోతుంది."

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. మద్దెల నేను.

ఆయన గదిలోకి పోయి తలుపు వేశాను.

"ఆ మనిషికి నరం దెబ్బతిందని చెప్పండి."

"చాలామందికి దానంతటదే బాగవుతుంది. చెప్పి బెదరగొట్టడం దేనికి?"

"బాగయ్యేదాకా ఎలా ఉండాలో తెలియొద్దా? వాడు ఊపిరి అమ్ముకుని బతికేవాడు. పెళ్ళిళ్ళ రోజులు ముందున్నాయి."

"అతిథులు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు, కుల్యాష్."

"అతిథులు! అతిథులట!"

"వయసు మీదపడింది నీకు. విశ్రాంతి తీసుకో," అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

సరే, నేనే చెప్పుకుంటానని జనిల్ దగ్గరికి పోయాను. చలీ లేదు, గాడిదగుడ్డూ లేదు, నరం దెబ్బతింది అని విడమరిచి చెప్పాను. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యేసి జాలిగా చూసింది.

"మీరు ఇలాగే అంటారని ప్రొఫెసరుగారు ముందే చెప్పారులెండి. పోన్లెండి, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మేం ఎవరికీ చెప్పం."

నన్ను క్షమించేసింది! ఆ క్షమాపణ మొహాన ఉమ్మేసినట్టు తగిలింది. ఆవిడనని ఏం లాభం? చావు తప్ప మిగతావన్నీ చలివల్లే వస్తాయని నమ్మే జనం మాది. పిల్లాడు వట్టికాళ్ళతో నేల తొక్కితే చలి, పిల్లలు పుట్టకపోతే చలి, నడుం పడితే చలి. అలాంటివాళ్ళకు గుండెలో మంచు పెట్టామని చెప్పాక, అది ఊపిరికి పాకిందంటే ఎందుకు నమ్మరు? అబద్ధమాడేవాడికి సగం పని ఊరే చేసిపెట్టింది.

ఇక మిగిలింది పెరిజాత్. చెయ్యి ఆమెది. నేను చెబితే నా తప్పు కప్పుకోవడానికి అన్నట్టుంటుంది, ఆమె చెబితే ఎవరూ కాదనలేరు. బట్టలు మార్చుకునే గదిలో పట్టుకున్నాను.

"నోరుందా నీకు?"

"గొంతు పెగల్లేదక్కా. అరవాలని తెలుసు. ఆయన వేలెత్తేసరికి లోపల ఏదో మూసుకుపోయింది. ఇంట్లో ఆయన తలుపు దగ్గర దగ్గినా నేను లేచి నిలబడతాను. మీకెలా చెప్పను?"

"నాకు చెప్పక్కర్లేదు. వాడికి చెప్పు."

"చెబితే ఆ ఇంట్లో నాకు చోటుండదు."

"వాడి ఛాతీలో గాలికి చోటు లేదు."

ఆ పిల్ల అల్మారా తలుపు పట్టుకుని ఏడ్చింది. నాకు జాలి వేసిందని చెప్పను. చిరాకేసింది. డాక్టరు చదువు చదివి, అంత తెలివి ఉండి, తలుపు పట్టుకుని ఏడవడం!

రెండు వారాల తర్వాత జనిల్ మా అందరినీ తల్గార్‌కి విందుకు పిలిచింది. గుండె బాగుచేసినందుకు కృతజ్ఞత. నన్ను పిలవడం సెయిత్‌కలికి నచ్చలేదు గానీ, పిలుపును తోసేస్తే ఆ ఇంటిని అవమానించినట్టు. పెరిజాత్ నా పక్కన కార్లో కూర్చుని దారంతా గోళ్ళు కొరుక్కుంది.

గేటు దగ్గరే గొర్రెను తెచ్చి నిలబెట్టారు. వచ్చిన పెద్ద అతిథి దాన్ని దీవించాకే కోస్తారు. సెయిత్‌కలి అరచేతులు చాచి, ఆ ఇంటికి ఆయువూ ఆరోగ్యమూ కోరి, దీవెన ముగిసిందన్నట్టు అరచేతులతో మొహం నిమురుకున్నాడు. ఆయన నోటి నుంచి ఆరోగ్యం అన్న మాట! గొర్రెను పెరట్లోకి లాక్కుపోయారు. జనిల్ వెనకాలే పరిగెత్తుతూ "తోలు తొందరగా తియ్యండి, వేడి చల్లారకముందే తియ్యండి," అని కేకలేసింది.

ఆ తోలు ఎందుకో నాకు లోపలి గదిలోకి వెళ్ళాక తెలిసింది. తెమిర్‌గలిని నేలమీద పరుపుపై పడుకోబెట్టి, అప్పుడే ఒలిచిన గొర్రెతోలును మాంసం వైపు ఒంటికి ఆనేలా చుట్టి, పైన తాడుతో కట్టారు. చలిని పీల్చేస్తుందట. తోలు అంచుల నుంచి నెత్తురు కారి దిండుకు అంటింది. కొవ్వు, పేడ, చెమట అన్నీ కలిసిన వాసన. ఈగలు వాడి చెవి మీద వాలుతున్నాయి. వెల్లకిలా, బిగించి, బరువు కింద. ఊపిరి పొర సగం చచ్చుబడినవాణ్ణి ఇంకాస్త చంపాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

"లేపి కూర్చోబెట్టండి!" అన్నాను.

"వద్దమ్మా, చలి బయటికి రావాలంటే కదలకూడదు," అంది జనిల్. "ఇది మూడో గొర్రె. ప్రొఫెసరుగార్ని ఫోన్లో అడిగాను, మంచిదే, కట్టమన్నారు."

కట్టమన్నాడు! ఆస్పత్రిలో బొమ్మను వెలుతురుకు పట్టి చూసిన మనిషి, నరం సంగతి తెలిసిన మనిషి, ఫోన్లో గొర్రెతోలు కట్టమన్నాడు.

తెమిర్‌గలి కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వబోయాడు. "డాక్టరమ్మా… సగం గొర్రెనయ్యాను. మిగతా సగం… పొయ్యి మీద… ఉడుకుతోంది." ఆ నాలుగు ముక్కలకే నుదురు చెమర్చింది.

జనిల్ అటు తిరగ్గానే తాడు వదులు చేసి, వాడి వీపు కింద రెండు దిళ్ళు దోపాను.

విందుకు అందరం కింద పరుపుల మీద, భోజనాల గుడ్డ చుట్టూ కూర్చున్నాం. సెయిత్‌కలిని ఎదురుగా పైస్థానంలో కూర్చోబెట్టారు. తెమిర్‌గలి పెద్దన్న ఆయన పక్కన. చుట్టుపక్కల వాళ్ళు ఇంకో పదిమంది. పెరిజాత్ అతిథే అయినా, మామగారున్న చోట కోడలు కదా, అలవాటుగా గుమ్మం దగ్గర టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన చేరి టీ పోయడం మొదలుపెట్టింది. మాంసం వచ్చింది, గుర్రపు మాంసం సాసేజి వచ్చింది, ఉడికించిన గొర్రె తల పళ్ళెంలో పెట్టి మూతి సెయిత్‌కలి వైపు తిప్పి పెట్టారు. అది పెద్ద గౌరవం. ఆయన చాకు తీసుకుని చెంప కోసుకున్నాడు, కన్ను పెకిలించి పక్కాయనకు ఇచ్చాడు. వేళ్ళ సందుల్లో కొవ్వు కారుతోంది. చెవి కోసి, గదంతా వినిపించేలా "పెరిజాత్!" అన్నాడు.

ఆమె లేచి వచ్చి రెండు చేతులూ చాచింది.

"చెవి నీకు. పెద్దల మాట బాగా వినిపించాలి."

అందరూ నవ్వారు. చెవిని మేం చిన్నపిల్లలకు ఇస్తాం. ఇంత పెద్ద డాక్టరుకు పదిమందిలో ఇచ్చాడంటే అది హెచ్చరిక అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె దాన్ని అరచేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తినలేదు.

అప్పుడు తెమిర్‌గలిని నడిపించుకొచ్చారు. భుజాల మీద తోలు అలాగే ఉంది, నేను వదులు చేసిన తాడు మళ్ళీ బిగించారు. ఇంటి యజమాని అతిథికి కృతజ్ఞత చెప్పాలి కదా. అసబా చెబుతున్నాడంటే అందరూ తినడం ఆపి చూశారు. "ప్రొఫెసరుగారూ… మీ చేతి…" అని ఆగాడు. పీల్చుకున్నాడు. "మీ చేతి చలవ…" మళ్ళీ ఆగాడు. మెడ నరాలు తేలాయి. పక్కనే ఉన్న కుర్రకారు తలలు దించుకున్నారు. ఈ జిల్లాలో మైకు లేకుండా మూడు వందలమందికి వినిపించిన గొంతు అది. తెమిర్‌గలి కృతజ్ఞత వదిలేసి, నేరుగా అడిగేశాడు.

"నాకు ఊపిరి… తిరిగొస్తుందా? రాదంటే చెప్పెయ్యండి. వచ్చే వారం నుంచి… పెళ్ళిళ్ళున్నాయి. వేరేవాళ్ళకి… ఇచ్చుకుంటాను. ఎవరి పెళ్ళీ… నావల్ల చెడకూడదు."

సెయిత్‌కలి మూతి తుడుచుకున్నాడు. "ఇంకో తోలు పడితే పూర్తిగా పోతుంది. పెళ్ళిళ్ళు ఒప్పుకో. పాడుతుంటే ఊపిరి అదే తెరుచుకుంటుంది."

 లేవబోయాను. నేను లేస్తే ఏమవుతుందో కూడా తెలుసు, మద్దెల మళ్ళీ మోగుతోందని నవ్వుతారు.

"అబద్ధం," అంది పెరిజాత్.

ఎంత మెల్లగా అందంటే, జనిల్ టీ అడుగుతోందనుకుని గిన్నె అందించింది.

"అబద్ధం," అంది మళ్ళీ, ఈసారి గట్టిగా. చెవిని తీసి భోజనాల గుడ్డ మీద పెట్టేసింది. "తెమిర్‌గలి బాబాయిగారూ, మీకు చలి సోకలేదు."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పెద్దన్న తొడ మీద చరిచాడు.

"ఏంటిది? మామగారి మాట కోడలు తెంపడమా, అదీ మా ఇంట్లోనా? ఎవరమ్మా నిన్ను పెంచింది?"

"కూర్చో," అన్నాడు సెయిత్‌కలి, ఆమె వైపు చూడకుండా.

"అయ్యో తల్లీ, ఊరుకో, పెద్దాయన…" అని జనిల్ ఆమె చెయ్యి పట్టుకు లాగింది. ఇంతమందిలో ఒక్కరు కూడా "ఏమంటున్నావు?" అని అడగలేదు. ఏమంటోందో ఎవరికి కావాలి? ఎవరి ముందు అంటోందో అదే పట్టింది. అందరి మొహాల మీదా ఒకటే ఏవగింపు, ఆ పిల్ల ఏదో అశుద్ధం తెచ్చి భోజనాల మధ్య పెట్టినట్టు.

తెమిర్‌గలి చెయ్యెత్తాడు.

"అన్నా… ఆగు. విందు నాది. ఏ విందులోనైనా… మాట ఎవరికివ్వాలో… చెప్పేది నేను." గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇప్పుడు మాట… కోడలిది."

పెద్దన్న పరుపు మీద వెనక్కి జరిగాడు. విందులో అసబా మాటను ఎవరూ దాటరు.

పెరిజాత్ చెప్పింది. నిలబడి, నేల చూపులు చూడకుండా చెప్పింది. "గడ్డకట్టించేటప్పుడు మీ ఊపిరి నరం దెబ్బతింది. చలి కాదు. కుల్యాష్ అక్క తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. నా చెయ్యి మీ పొట్ట మీదే ఉంది. ఎగురు తగ్గడం నాకు తెలిసింది. వెంటనే కేక పెట్టాలి. మామయ్యగారు మాట్లాడుతున్నారు, అందుకని పెట్టలేదు. గొణిగాను."

"అరవలేదు," అన్నాడు తెమిర్‌గలి.

"లేదండి."

వాడు ఆమెను తిడతాడనుకున్నాను. తిట్టినా తప్పు లేదు. 

"పెళ్ళికూతురి… ముసుగు తీసేటప్పుడు… పాట పాడేది నేనే కదమ్మా," అన్నాడు. "పెద్దల మాటకి అడ్డురాకు… నీ గొంతు గడప దాటనీకు… అని. ఎన్నిళ్ళలో పాడానో… లెక్కలేదు. బాగా పాడేవాణ్ణి." తర్వాత అడిగాడు. "తిరిగొస్తుందా?"

"చాలామందికి కొన్ని నెలల్లో వస్తుంది. కొందరికి ఏడాది పైనే. మీకు వస్తుందని మాటివ్వలేను. పెళ్ళిళ్ళు ఒప్పుకోకండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. ఊపిరి కసరత్తు ఒకటుంది, నేనే వచ్చి నేర్పుతాను. ఈ తోలు మాత్రం ఇప్పుడే తీసెయ్యండి."

సెయిత్‌కలి చేతులు తుడుచుకుని, తువ్వాలు మడిచి పెట్టాడు. "పని ఎక్కువై కోడలి మనసు చెదిరింది. మన్నించండి," అన్నాడు హుందాగా, లేచి నిలబడ్డాడు.

అంతే. గదంతా లేచింది. పెద్దవాడు అలిగి వెళ్ళిపోతుంటే ఇంటికి అరిష్టం. పెద్దన్న ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, ఒకడు చెప్పులు వెతకడానికి పరిగెత్తాడు, ఇంకొకడు మాంసం మూట కట్టాడు. జనిల్ పెట్టె మూత తెరిచి ఏదో లాగి చంకన పెట్టుకుని వాకిట్లోకి ఉరికింది. మొగుడి ఊపిరి గురించి ఇప్పుడే విన్న మనిషి! ఒక్క నిమిషంలో గది ఖాళీ అయింది. మిగిలింది మేం ముగ్గురం, చల్లారిపోతున్న మాంసం, ఒంటిచెవి గొర్రె తల.

తాడు ముడి నెత్తురుతో బిగుసుకుపోయింది. చాకుతో కోశాను. తోలు ఒంటి నుంచి ఊడుతుంటే చప్పుడు వచ్చింది. పెరిజాత్ సమోవార్ నీళ్ళతో తువ్వాలు తడిపి వాడి ఛాతీ తుడిచింది, తర్వాత కుడి డొక్క కింద అరచెయ్యి పెట్టి "గట్టిగా పీల్చండి," అంది. పీల్చాడు. ఎడమపక్క లేచింది. కుడిపక్క ఆమె చెయ్యి పెట్టినచోటే ఉంది. వాడికి అది ఆమె మొహంలో కనిపించింది.

బయట కారు తలుపులు తెరుచుకున్న చప్పుడు. దీవెనలు వినిపిస్తున్నాయి.

"ఏం… చేస్తున్నారు?" అన్నాడు తెమిర్‌గలి.

కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. "చపాన్ కప్పుతున్నారు ఆయనకి." పెద్ద అతిథిని ఉత్త భుజాలతో పంపకూడదు, అంగీ కప్పి పంపాలి. అది మా మర్యాద.

"ఏ చపాన్?"

"నీలంది. ఛాతీ మీద జరీ పని ఉంది."

వాడు మాట్లాడటానికి గాలి కూడదీసుకున్నాడు. "అది… నాది. పెళ్ళిళ్ళకి… వేసుకునేది."

కారు కదిలిపోయింది, కోడలి కోసం ఆగలేదు. జనిల్ రొప్పుతూ లోపలికి వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ, బరువు దిగినట్టు నవ్వుతూ.

"హమ్మయ్య, మనసులో ఏమీ పెట్టుకోకుండానే వెళ్ళారు," అంది. "తొందర్లో చేతికందింది కప్పాను గానీ, ఆయనకి భలే సరిపోయిందండీ."